ఇంటి లాన్‌లో అడవిపూలు: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: మా ఇంటి ముందు సుమారు 150 గజాల లాన్ ఉంది. ఇంగ్లండులో మా అమ్మాయి ఉండే వీధిలో మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇళ్ల ముందరి పచ్చికలోంచే రకరకాల పూలు పైకి వస్తాయి. ఏటా ఎవరూ విత్తకుండానే అవి మళ్లీ మళ్లీ పూస్తాయని అమ్మాయి చెప్పింది. అలాంటి వసంతకాలపు అడవిపూలు మా లాన్‌లోనూ చూడాలన్న కోరికతో ఆన్‌లైన్‌లో విత్తనాల ప్యాకెట్ తెప్పించి ఫిబ్రవరి చివర గడ్డి మీద చల్లాను. రోజూ నీళ్లు పెట్టినా నాలుగు మొలకలైనా నిలవలేదు. లోపం ఎక్కడ జరిగింది?
(హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ శ్రద్ధలో లోపం లేదు. మీరు ఎంచుకున్న కాలమూ, విత్తనాలు పడిన చోటూ రెండూ కుదరలేదు.

చలిదేశాల్లో శీతాకాలమంతా పచ్చిక ఎదుగుదల దాదాపు ఆగిపోయి ఉంటుంది. స్నోడ్రాప్, క్రోకస్, డాఫోడిల్ వంటి దుంపజాతి మొక్కలు ఆ చలికాలాన్ని నేలలోనే గడిపి, గడ్డి లేచి తమను కమ్మేసేలోపే పూసి, ఆకులతో దుంపలో ఆహారం నింపుకొని, ఎండలు ముదిరేసరికి అణగిపోతాయి. ఆ ఆకులు పండి వాలిపోయేదాకా అక్కడివారు ఆ భాగంలో గడ్డి కోయరు. ఏటా అవే పూలు రావడానికి కారణం ఇదే. ఈ దుంపల్లో చాలావాటికి పూమొగ్గ సక్రమంగా పైకి రావాలంటే సుమారు 3 నెలలపాటు 10 డిగ్రీల లోపు చలి తగలాలి. వరంగల్ ప్రాంతంలో పుష్యమాసపు రాత్రుల్లో కూడా ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగడం అరుదు. అందువల్ల ఆ దుంపలను ఎంత ఖరీదు పెట్టి తెప్పించినా మన నేలలో అవి ఏటా తిరిగి పూయవు. వాటి మీద డబ్బు పెట్టవద్దని గట్టిగానే చెబుతున్నాను.

మన వసంతం ప్రధానంగా చెట్ల వసంతం. మోదుగు, బూరుగు, గానుగ, వేప అప్పుడే పూస్తాయి. నేల మీది చిన్న మొక్కలు మాత్రం మాఘమాసానికే గింజ రాల్చి ఎండిపోతాయి. గడ్డి ఎత్తున పూసే మన అడవిపూల కాలం మృగశిర కార్తెలో మొదలై దీపావళి దాకా సాగుతుంది. మన ప్రాంతంలో ఏడాది వర్షంలో అయిదింట నాలుగు వంతులు జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది కనుక ఇక్కడి మొక్కల బతుకంతా ఆ నాలుగు నెలల చుట్టూనే అల్లుకొని ఉంటుంది. వసంతంలో మీ అమ్మాయి ఇంటి ముందు కనిపించే దృశ్యానికి మన దగ్గర సాటి రాగలిగింది భాద్రపద, ఆశ్వయుజ మాసాల్లో బీడు భూముల మీద కనిపించే పూత. పద్మాక్షి గుట్ట దగ్గర పేర్చి ఆడే బతుకమ్మలన్నీ ఆ పూతలోంచే పుడతాయి.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. చలిదేశంలో గడ్డి నిద్రలో ఉండగా పూలు పూస్తాయి. మన దగ్గర గడ్డీ, పూల మొక్కలూ ఒకే వానకు లేస్తాయి. గరిక అయితే కణుపు కణుపునా వేరు దిగుతూ చుట్టూ పాకుతుంది. మెక్సికన్ గడ్డి పరిచిన లాన్ మరీ ఒత్తుగా ఉండి, పైన చల్లిన గింజ మట్టిని తాకనే తాకదు. మీ విత్తనాలు మొలవకపోవడానికి ఎండతో పాటు ఇది రెండో కారణం. కాబట్టి మొత్తం లాన్‌ను పూలతోటగా మార్చే ఆలోచన మానుకొని, ఎండ బాగా పడే ఒక పక్కన 30 లేదా 40 గజాలు పూలకు విడిచిపెట్టండి. వేసవిలో ఆ భాగానికి నీళ్లు ఆపేయండి. రోహిణి కార్తెలో, అంటే మే చివరి వారంలో, పారతో గడ్డిని వేళ్లతో సహా చెక్కి తీసేయండి. తుంగ ఉంటే దాని గడ్డలు చేతితో ఏరవలసిందే, వేరే సులువైన దారి లేదు. తరువాత ఒకసారి బాగా తడిపి పది రోజులు వదిలేస్తే మట్టిలో దాగి ఉన్న కలుపు గింజలు మొలుస్తాయి. ఆ మొలకలను పైపైన గీకేసి, అప్పుడు పూల విత్తనాలు చల్లితే సగం శ్రమ తప్పుతుంది.

ఎరువు వేయకండి. ఈ మాట చాలామందికి మింగుడు పడదు, కానీ యూరియా వేసిన నేలలో మొదట బలిసేది గడ్డే. మన ఎర్ర చల్క నేల సారం తక్కువైనదని రైతులు బాధపడతారు గాని అడవిపూలకు ఆ నేలే అనువైనది. అలాగే లాన్ పని చేసేవారు వెడల్పాకుల కలుపు చావడానికి కొట్టే 2,4-డి మందును మీ ఆవరణలోకి రానీయకండి. ఆ మందు దృష్టిలో మీ పూల మొక్కలన్నీ వెడల్పాకుల కలుపే.

మిగిలిన లాన్‌లో గడ్డి తీయకుండానే పెరగగల పొట్టి మొక్కలు కొన్ని ఉన్నాయి. విష్ణుక్రాంత నేలను అంటుకొని పాకి, పొద్దున పూట చిన్న చిన్న నీలి పూలు విప్పుతుంది. వినాయక చవితి నాటి ఏకవింశతి పత్రిలో గరికతో పాటు దీనికీ చోటుంది, పెరట్లోనూ ఆ రెండూ పక్కపక్కనే బతకగలవు. రత్నపురుష గులాబీ రంగు ఒంటి రేకు పూలతో గడ్డి మధ్యనే లేస్తుంది. గడ్డి చేమంతిని మీరు నాటనక్కరలేదు, దాని గింజ గాలికి ఎగిరి తానే వస్తుంది. అది అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్కే అయినా చిన్న సీతాకోకచిలుకలకు ఏడాది పొడవునా తేనె దొరికే చోటు కనుక, హద్దు దాటనంతవరకు ఉండనివ్వండి. దుంపల ముచ్చట తీరాలంటే నర్సరీల్లో దొరికే వాన లిల్లీ గడ్డలను రెండు అంగుళాల లోతున గడ్డిలోనే గుంపులుగా పాతండి. పెద్ద వాన పడిన కొద్ది రోజులకే తెల్లగానో గులాబీ రంగులోనో పూస్తాయి. అదీ బయటి నుంచి వచ్చిన మొక్కే, కానీ చలి అడగదు, ఏటికేడాది దానంతట అది పెరుగుతుంది. వీటికోసం గడ్డి కోసే యంత్రాన్ని మూడు అంగుళాల ఎత్తుకు పెంచుకుంటే చాలు.

ఇన్ని చెప్పినా మీ మనసు వసంతం మీదే ఉంటే దానికీ ఒక ఏర్పాటు ఉంది. స్వాతి కార్తెలో, అంటే అక్టోబరు ఆఖరున, వానలు వెనుకబట్టాక విడిగా ఒక మడి సిద్ధం చేసి కాస్మాస్, ఫ్లాక్స్ (Phlox) పూల గింజలు విత్తండి. వాటితో పాటు కిరాణా కొట్టులో దొరికే వేయించని అవిసెలు, చేతితో రెండుగా నలిపిన ధనియాలు కూడా చల్లండి. అవిసె పువ్వు ఉదయం లేత నీలి రంగులో విచ్చుకొని మధ్యాహ్నానికి రేకులు రాలుస్తుంది, మర్నాడు కొత్తవి వస్తాయి. ధనియాల తెల్లటి పూత మీదికి తేనెటీగలు గుంపులుగా వస్తాయి. అయిదారు రోజులకొక తడి ఇస్తే జనవరి, ఫిబ్రవరి నెలలంతా పూత ఉంటుంది. అయితే ఇది ఏటా మీరు విత్తి, నీళ్లు పోసి సాకవలసిన తోట. తానుగా తిరిగి వచ్చే పూలు కావాలంటే వానాకాలానికే రావాలి.

ప్రశ్న: బతుకమ్మకు గునుగు పూలు బజారులో కట్టలుగా కొనవలసి వస్తోంది. చిన్నప్పుడు ఊరి చుట్టూ ఉండేవి. మా ఇంటి వెనుక 20 గజాల ఖాళీ నేల ఉంది. అక్కడ గునుగు పెంచవచ్చా? విత్తనాలు ఎక్కడ దొరుకుతాయి?
(కాజీపేట నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: తప్పకుండా పెంచవచ్చు. ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో మాకు అన్నిటికన్నా సంతోషం కలిగించేది ఇలాంటిదే. గునుగు పొలాల్లో తగ్గిపోవడానికి కారణం మీకు తెలిసే ఉంటుంది. ఒకప్పుడు జొన్న, కంది, పెసర చేలల్లో చేతితో కలుపు తీసేటప్పుడు గట్ల మీద, మూలల్లో కొన్ని మొక్కలు మిగిలేవి. ఇప్పుడు పత్తి చేలల్లో, గట్ల మీద కూడా కలుపు మందు కొడుతున్నారు. రైతును ఇందులో తప్పుపట్టలేం, ఎందుకంటే ఒక్క గునుగు మొక్క వేల గింజలు రాలుస్తుంది, పైరుకు అది నిజంగానే పోటీ. అందుకే పొలంలో చోటు లేని ఈ మొక్కకు ఇంటి ఆవరణలో చోటివ్వడం సరైన పని అని మా అభిప్రాయం.

విత్తనం కోసం దుకాణానికి వెళ్లనవసరం లేదు. బతుకమ్మకు కొన్న కట్టలోనే విత్తనం ఉంటుంది. గునుగు కంకి కింది నుంచి పైకి పూస్తూ పోతుంది కనుక పై భాగం గులాబీ రంగులో మెరుస్తుండగానే కింది పూలు తెల్లబడి గింజ పట్టి ఉంటాయి. బాగా ముదిరిన పదిపదిహేను కంకులను బతుకమ్మలో పెట్టకుండా పక్కన ఉంచి, నీడన కాగితం మీద వారం రోజులు ఆరబెట్టి, అరచేతుల మధ్య నలపండి. నల్లగా నిగనిగలాడే ఆవాల కంటే చిన్న గింజలు రాలుతాయి. పొట్టు ఊదేసి, బట్ట సంచిలో కొద్దిగా వేప పొడి కలిపి, చెమ్మ తగలని చోట వచ్చే మృగశిర దాకా దాచండి.

గింజ చాలా చిన్నది కనుక చెంచాడు గింజల్లోనే వేల మొక్కలుంటాయి. మీ 20 గజాలకు రెండు చెంచాలు ఎక్కువే. వాటిని అయిదారు రెట్ల పొడి ఇసుకలో కలిపి చల్లితే ఒకచోట ముద్దగా పడకుండా అంతటా సమంగా పడతాయి. పైన మట్టి కప్పవద్దు, చీపురుతో తేలికగా ఒకసారి ఊడిస్తే చాలు. లోతున పడిన గింజ మొలవదు. జూన్ రెండో వారంలో మొదటి గట్టి వాన పడిన మర్నాడు చల్లడం మంచిది. ఎండిన నేల మీద ముందే చల్లితే చీమలు మోసుకుపోతాయి. మొలకలు తోటకూర మొలకల్లాగే ఉంటాయి, రెండూ ఒకే కుటుంబపు మొక్కలు. నాలుగైదు ఆకులు వచ్చాక అడుగు దూరానికి ఒకటి చొప్పున ఉంచి మిగిలినవి పీకేయండి. పీకిన లేత మొక్కలను కూర వండుకోవచ్చు, మన పల్లెల్లో గునుగాకు కూర కొత్త కాదు. ఇలా పలచన చేయడానికి మనసొప్పక అన్నీ ఉంచేస్తే సన్నటి కాడలకు చిటికెన వేలంత కంకులు వస్తాయి. చోటిచ్చిన మొక్క నడుము ఎత్తు పెరిగి కొమ్మకొక కంకి వేస్తుంది.

శ్రావణంలో వానలు పదిహేను రోజులు మొహం చాటేస్తే ఒక తడి ఇవ్వండి, అంతకు మించి నీళ్లు అక్కరలేదు. ఎంగిలిపూల బతుకమ్మ మహాలయ అమావాస్య నాడు కనుక పండుగ సెప్టెంబరు చివర వచ్చే ఏడాది పూత కొంత తక్కువగా, అక్టోబరు మధ్యలో వచ్చే ఏడాది నిండుగా ఉంటుంది. అది తిథుల తేడాయే తప్ప మీ పెంపకంలో లోపం కాదు.

కోసేటప్పుడు ఒక నియమం పాటించండి. మూడింట ఒక వంతు మొక్కలను ముట్టకుండా వదిలేయండి. సద్దుల బతుకమ్మ నాటికి పెరడంతా కోసేస్తే మరుసటి ఏడాదికి నేలలో గింజ ఉండదు. వదిలిన కంకులు కార్తీకమాసం చివరికి ఎండి గింజ రాల్చేస్తాయి. అప్పుడు మొక్కలను కొడవలితో నేలమట్టంగా కోసి, కోసినదాన్ని అక్కడే కుళ్లనివ్వకుండా తీసేయండి. అక్కడే కుళ్లితే నేల బలిసి గడ్డి పెరుగుతుంది. రెండో ఏడాది నుంచి విత్తవలసిన పని ఉండదు, మృగశిర వానకు అవే లేస్తాయి. పక్కన కూరగాయల మడి ఉంటే మాత్రం మధ్యలో రెండడుగుల బాట వదిలి, దాటి వచ్చిన మొలకలను ఎప్పటికప్పుడు తీసేయండి.

ఆ నేల అంచున తుమ్మి మొక్కలు కూడా నాలుగు ఉండనివ్వండి. తెల్లటి చిన్న పూల కోసం తేనెటీగలు వస్తాయి, వినాయక చవితికి తుమ్మికూర మీ ఇంట్లోనే దొరుకుతుంది.

ప్రశ్న: మా కాలనీలో నేను లాన్‌లో ఒక భాగం కోయకుండా వదిలేశాను. పాములు వస్తాయని, దోమలు పెరుగుతాయని పక్కింటివారు అభ్యంతరం చెబుతున్నారు. వారి భయంలో నిజముందా?
(జనగామ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: కొంత ఉంది, దాన్ని కొట్టిపారేయకండి. దోమ గుడ్లు పెట్టేది నిలవ నీటిలో. గడ్డిలో పగటిపూట నీడకు దాక్కోవచ్చు గాని అక్కడ పుట్టదు. కూలర్ తొట్టి, పూలకుండీ కింది పళ్లెం, పాత టైర్లు చూసుకుంటే ఆ సమస్య చాలావరకు తీరుతుంది. పాముల విషయం వేరు. పాము ఎలుకల కోసం, కప్పల కోసం, దాక్కునే సందుల కోసం వస్తుంది. ఇటుకల కుప్పలు, కట్టెల మోపులు, చెత్త గుట్టలు దానికి అసలైన ఇళ్లు, ముందు వాటిని తీసేయండి. ప్రహరీ గోడ వెంబడి, ఇంటి గోడ వెంబడి, నడిచే బాటకు రెండు వైపులా మూడడుగుల మేర గడ్డిని ఎప్పుడూ పొట్టిగా కోసి ఉంచండి. చీకటి పడ్డాక టార్చి లేకుండా, చెప్పులు లేకుండా పూల వైపు వెళ్లకండి, పిల్లలను వెళ్లనీయకండి. ఇలా చుట్టూ శుభ్రంగా కోసిన అంచు ఉంటే చూసేవారికి కూడా అది పట్టించుకోక వదిలేసిన నేల కాదని, కావాలని పెంచిన తోట అని అర్థమవుతుంది. రేపు పండుగకు మొదటి కట్ట గునుగు పక్కింటివారికే ఇవ్వండి. అభ్యంతరం ఉన్నవారితో సంబంధం నిలుపుకోవడం కూడా ఈ పనిలో భాగమే.

ప్రశ్న: అడవి దగ్గరే ఉన్నాం కనుక అక్కడి నుంచే మొక్కలు తవ్వి తెచ్చుకోవచ్చా? ఎరుపు, పసుపు కలిసి నిప్పు మంటలా పూసే తీగ ఒకటి చాలా నచ్చింది.
(ములుగు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: తవ్వి తేవద్దు. ఏటూరునాగారం వంటి అభయారణ్యంలో అనుమతి లేకుండా మొక్కలు తీయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చట్టం మాట అటుంచినా, పూతలో ఉన్న అడవి మొక్కను వేళ్లు తెంపి తెస్తే చాలావరకు బతకదు. అక్కడా పోతుంది, ఇక్కడా నిలవదు. మీ ఊరి బీడులో, బాట పక్కన, చెలక గట్టు మీద పండిన గింజను కొద్దిగా ఏరుకోండి. మీరు రాసిన తీగ అడవి నాభి. దాని గడ్డలో ఉండే కాల్చిసిన్ ప్రాణాలు తీయగల విషం. చిన్నపిల్లలు, పశువులు తిరిగే పెరట్లో దాన్ని పెంచవద్దు.

ప్రశ్న: తంగేడు గింజలు రెండుసార్లు వేసినా మొలవలేదు. దానిని లాన్ మధ్యలో పెంచాలని ఉంది.
(సిద్దిపేట నుంచి ఒక పాఠకుడు)

జవాబు: గింజ పైపొర గట్టిగా ఉండి నీటిని లోపలికి రానీయదు. పొయ్యి మీది నుంచి దించిన వేడి నీటిలో గింజలు వేసి, అలాగే చల్లారనిచ్చి రాత్రంతా నానబెట్టండి. ఉబ్బిన గింజలను మాత్రమే జూన్‌లో విత్తండి, ఉబ్బనివాటిని గరుకు రాయి మీద కొంచెం రుద్ది మళ్లీ నానబెట్టండి. తల్లివేరు లోతుగా దిగే మొక్క కనుక పెద్దదయ్యాక స్థలం మార్చితే తట్టుకోదు. నిలిచి ఉండవలసిన చోటే విత్తడం మేలు. మనిషి ఎత్తు పొదగా పెరుగుతుంది కాబట్టి లాన్ మధ్యలో వద్దు, పడమటి అంచున వేయండి. పశువులు సాధారణంగా ముట్టవు, కంచె లేకపోయినా నిలుస్తుంది. లేత ఆకుల మీద ఆకుపచ్చ గొంగళి పురుగులు కనిపిస్తే మందు కొట్టకండి. అవి లేత పసుపు రెక్కల సీతాకోకచిలుకల పిల్లలు, ఆకులు తిన్నా పొద మళ్లీ చిగురిస్తుంది.

ప్రశ్న: కోయకుండా వదిలిన భాగంలో క్యారెట్ ఆకు వంటి ఆకులతో చాలా మొక్కలు వచ్చాయి. అవి చేమంతి జాతివా, లేక వయ్యారిభామా? రెండూ ఎలా గుర్తుపట్టాలి?
(కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ వర్ణన ప్రకారం అది వయ్యారిభామే. దీన్ని కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. లేతగా ఉన్నప్పుడు నేలకు ఆనుకొని గుండ్రంగా పరుచుకున్న, లోతుగా చీలిన ఆకులు ఉంటాయి. తరువాత గాళ్లు తేలిన నిటారు కాండం లేచి, పైన కొమ్మలుగా చీలి, తెల్లటి బియ్యపు నూకంత పూలు గుత్తులుగా వస్తాయి. గడ్డి చేమంతి ఇలా నిటారుగా లేవదు. దాని కాండం నేల మీద పాకుతుంది, ఆకు అంచు రంపపు పళ్లలా ఉంటుందే తప్ప చీలి ఉండదు, పొడవాటి కాడ చివర పసుపు నడుమ ఉన్న పువ్వు ఒక్కటే నిలుస్తుంది.

వయ్యారిభామ పుప్పొడి వల్ల ఆయాసం, ఆకు తగిలితే చర్మం మీద దద్దుర్లు, దురద వస్తాయి. పువ్వు విప్పకముందే, నేల తడిగా ఉన్న రోజున, చేతులకు తొడుగులు వేసుకొని, ముక్కుకు గుడ్డ కట్టుకొని వేళ్లతో సహా పీకండి. పైన కోసి వదిలితే మొదలు మళ్లీ చిగురిస్తుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారికి ఈ పని అప్పగించకండి. పూత వచ్చిన మొక్కలను కంపోస్టు గుంతలో వేయకుండా ఎండబెట్టి వేరుగా పారేయండి. పీకిన చోటును ఖాళీగా ఉంచితే మరుసటి వానకు మళ్లీ అదే వస్తుంది కనుక వెంటనే అక్కడ తగిరిస గింజలు ఒత్తుగా చల్లండి. తగిరిస తొందరగా పెరిగి పసుపు పూలు పూస్తుంది, దాని నీడన వయ్యారిభామ మొలకలు తేరుకోలేవు. మీ గోడ అవతలి ఖాళీ ప్లాటులో కూడా వయ్యారిభామ ఉందేమో చూడండి. ఉంటే ఆ స్థలం యజమానితో మాట్లాడి, ఆషాఢం దాటకముందే అక్కడా పీకించండి.